లీత్ నది: నీటిమరలు, ఊరిపేర్లు

స్కాట్లండు రాజధానియైన ఎడింబరో నగరపు ఉత్తరభాగంలో ఒకదాని ప్రక్కన ఒకటిగా రెండు పేటలున్నవి. ఒకదాని పేరు కానన్‌మిల్స్, రెండవదాని పేరు పౌడర్‌హాల్. ఆంగ్లభాషతో కొద్దిపాటి పరిచయమున్న విద్యార్థికి ఈ పేర్లు వినగానే ఒక ఊహ కలుగవచ్చును. మొదటిచోట ఫిరంగులు పోతపోసేవారు, రెండవచోట వాటికి కావలసిన మందు తయారుచేసేవారు అని. ఊహ చక్కగా అతికినట్లే ఉన్నది. కాని అందులో సగమే నిజం.

పౌడర్‌హాల్‌లో 17వ శతాబ్దం చివర తుపాకిమందు తయారైన మాట వాస్తవమే. కానన్‌మిల్స్‌కు మాత్రం ఫిరంగులతో ఏ సంబంధమూ లేదు. ఆంగ్లంలో ‘కానన్’ అని ఒకే విధంగా పలికే మాటలు రెండున్నవి. ఫిరంగి అని అర్థమిచ్చే మాటలో నడుమ ‘ఎన్’ అక్షరం రెండుసార్లు వస్తుంది. మఠనియమాలకు లోబడి జీవించే క్రైస్తవ గురువు అని అర్థమిచ్చే మాటలో అది ఒకసారే వస్తుంది. ఈ పేట పేరులో ఉన్నది రెండవ మాట. మఠానికి చెందిన గురువుల పిండిమరలు ఉన్నచోటు కనుక అది కానన్‌మిల్స్ అయినది.

ఒక్క అక్షరాన్ని గమనించకపోతే పిండిమర కాస్తా ఫిరంగుల కార్ఖానా అయిపోతున్నది. ఊరిపేరు చరిత్రకు సాక్షి అన్నమాట నిజమే. అయితే న్యాయస్థానంలో సాక్షిని అడ్డుప్రశ్నలు వేసి పరీక్షించినట్లే ఊరిపేరునూ పరీక్షించవలెను. అట్లా పరీక్షిస్తే పేర్లు ఎంత చెప్పగలవో తెలుసుకొనడానికి ఎడింబరో గుండా పారే చిన్ననది చక్కని ఉదాహరణ.

చిన్ననది, పెద్దపని

ఈ నది పేరు వాటర్ ఆఫ్ లీత్. ఇది ఎడింబరోకు నైరుతిదిశలో ఉన్న పెంట్లండ్ కొండలలో పుట్టి, సుమారు 35 కిలోమీటర్లు ప్రవహించి, లీత్ రేవు వద్ద ఫర్త్ ఆఫ్ ఫోర్త్ అనే సముద్రపుపాయలో కలుస్తుంది. బాలెర్నో, కరీ, జూనిపర్ గ్రీన్, కాలింటన్, స్లేట్‌ఫర్డ్, డీన్, స్టాక్‌బ్రిడ్జ్, కానన్‌మిల్స్ అనేవి దీని ఒడ్డున వరుసగా వచ్చే ఊళ్ళు, పేటలు. గొప్ప నదులతో పోలిస్తే ఇది ఒక పెద్దవాగు మాత్రమే. అయినను ఒక కాలంలో దీని నీటితో డెబ్బైకి పైగా మరలు నడిచినవి. ధాన్యం విసరడం, ఉన్నిబట్టను నీటిలో దంచి దళసరి చేయడం, అవిసెనార తీయడం, కాగితం చేయడం, పొడుము నూరడం వంటి పనులన్నీ ఈ నీరే చేసిపెట్టినది.

ఇంత చిన్ననదికి ఇంత శక్తి ఎక్కడిది? నీటికి బలం దాని పరిమాణంవల్ల మాత్రమే రాదు. అది ఎంత ఎత్తునుండి దిగుతున్నదన్నది కూడా అంత ముఖ్యమే. ఈ నది కొండలలో పుట్టి కొద్దిదూరంలోనే సముద్రమట్టానికి దిగవలసి ఉన్నది. కనుక దారిపొడుగునా వాలు ఎక్కువ.

ఒక లెక్క చూస్తే విషయం స్పష్టమగును. సెకనుకు ఒక ఘనమీటరు చొప్పున నీరు 3 మీటర్ల ఎత్తునుండి పడుతున్నదనుకొందాం. ఘనమీటరు నీటి ద్రవ్యరాశి 1,000 కిలోగ్రాములు. దీనిని గురుత్వ త్వరణమైన 9.8తోను, ఎత్తు 3తోను గుణిస్తే సెకనుకు 29,400 జౌళ్ళు వస్తుంది. అనగా 29.4 కిలోవాట్లు, లేక సుమారు 39 అశ్వశక్తులు. ఈ శక్తి అంతా చక్రానికి దక్కదు. కొంత నీరు చిమ్మిపోతుంది, కొంత శక్తి ఇరుసు దగ్గర ఒరిపిడిలో వృథా అవుతుంది. ఎంత దక్కుతుందన్నది చక్రం అమరికనుబట్టి ఉంటుంది.

ఈ సంగతిని జాన్ స్మీటన్ అనే ఆంగ్ల యంత్రశిల్పి నమూనా చక్రాలతో ప్రయోగాలు చేసి, 1759లో లండన్ రాయల్ సొసైటీకి నివేదించాడు. ప్రవాహంలో అడుగుభాగం మాత్రమే మునిగి తిరిగే చక్రం నీటి వేగాన్ని ఉపయోగించుకొంటుంది. పైనుండి నీరు పోసే చక్రంలో తొట్లవంటి అరలు నిండి, నీటి బరువే చక్రాన్ని త్రిప్పుతుంది. రెండవరకం చక్రం మొదటిదానికన్న ఇంచుమించు రెండింతల పని చేస్తుందని ఆయన తేల్చాడు. కారణం కష్టమైనది కాదు. వేగంగా వచ్చి రెక్కకు కొట్టుకొన్న నీరు సుడులుగా చెదిరిపోతుంది, ఆపైన కొంత వేగంతోనే ముందుకు సాగిపోతుంది. అరలో కూర్చున్న నీరు మాత్రం తన బరువును దిగేంతవరకు చక్రానికి అప్పగిస్తుంది.

కట్ట, కాలువ, మర

పైనుండి నీరు పోయాలంటే నీటిని చక్రంకంటె ఎత్తున నిలుపవలెను. అందుకై నదికి అడ్డంగా ఏటవాలుగా ఒక రాతికట్ట కట్టి నీటిమట్టాన్ని పెంచేవారు. కట్ట పైభాగంనుండి ఒక కాలువ త్రవ్వి, నదికన్న తక్కువ వాలుతో ఒడ్డువెంట నడిపేవారు. నది తన వాలున దిగిపోతూ ఉంటుంది, కాలువ ఎత్తునే ఉండిపోతుంది. కొంతదూరం పోయేసరికి రెంటికీ మధ్య రెండు మూడు మీటర్ల తేడా వస్తుంది. అక్కడ మరను నిలిపితే కాలువనీరు చక్రంమీద పడి, పని ముగించుకొని మళ్ళీ నదిలో కలుస్తుంది.

ఈ కాలువను స్కాట్ భాషలో ‘లేడ్’ అంటారు. డీన్ గ్రామంలో ‘డామ్‌సైడ్’ అనే వీధి ఉన్నది. కట్టప్రక్క అని దాని అర్థం. అక్కడనే ‘మిల్లర్ రో’ అనే వీధి ఉన్నది. అది మరలవారి వరుస. నది ఒడ్డున పల్లంగా ఉండి, వరదవస్తే మునిగే పచ్చికనేలను ‘హా’ అంటారు. బానింగ్టన్ దగ్గరి ‘బానీహా’ పేరు చివర ఉన్నది ఈ మాటయే. ఈ మాటలు తెలిసినవాడు ఎడింబరో పటం చూస్తే, కట్ట ఎక్కడ ఉండేదో, మరవాళ్ళు ఎక్కడ కాపురముండేవారో, వరదనీరు ఎక్కడ పరచుకొనేదో చాలావరకు గుర్తించగలడు.

ఇందులో ఇంకొక విశేషమున్నది. ఒక మర వాడుకొన్న నీరు తరిగిపోదు, దాని ఎత్తు మాత్రమే తరుగుతుంది. కనుక అదే నీరు కొంచెం దిగువన మరొక కట్టమీదికి, మరొక మరకు పోతుంది. పొలాన్ని అన్నదమ్ములు మళ్ళుగా పంచుకొన్నట్లు నది దిగే ఎత్తును మరలవారు మెట్లుగా పంచుకొన్నారు. ఈ మెట్లు ఒకదానినొకటి ఆనుకొని ఉండడంవల్ల తగవులకు అవకాశం ఎక్కువ. దిగువవాడు కట్ట ఎత్తు పెంచితే నీరు వెనుకకు ఎగదన్ని ఎగువవాని చక్రం అడుగు మునుగుతుంది. ఎగువవాడు నీరు బిగబట్టితే దిగువవాని చక్రం ఆగిపోతుంది.

మఠంవారు, రొట్టెలవారు

స్కాట్లండు రాజు ఒకటవ డేవిడ్ 1128లో ఎడింబరో ప్రక్కన హోలీరూడ్ మఠాన్ని స్థాపించాడు. మఠంలో ఉన్నవారు ‘కానన్లు’. రాజు వారికిచ్చిన దానపత్రంలో భూములతోపాటు డీన్‌లో ఉన్న తన మరలలో ఒకటి కూడా ఉన్నది. అనగా 12వ శతాబ్దంనాటికే డీన్ దగ్గర ఒకటికన్న ఎక్కువ మరలు తిరుగుతూ ఉండేవి. కానన్లకు నది దిగువను సొంతమరలున్న చోటే కానన్‌మిల్స్.

ఈ కానన్ల పేరు ఎడింబరోలో ఇంకొకచోట కూడా నిలిచినది. మఠానికి పోయే పెద్దవీధి పేరు ‘కానన్‌గేట్’. ఇక్కడ రెండవ పొరపాటుకు తావున్నది. ‘గేట్’ అంటే ద్వారం కాదు. స్కాండినేవియా భాషనుండి వచ్చిన ఆ మాటకు పాతరోజులలో దారి, వీధి అని అర్థం. కానన్‌గేట్ అంటే కానన్ల ద్వారం కాదు, కానన్ల వీధి.

ఆ కాలంలో మర ఉండడం పిండికి మాత్రమే కాదు, అధికారానికి కూడా గుర్తు. ఒక భూస్వామి పొలాలలో పండిన ధాన్యాన్ని ఆ భూస్వామి మరలోనే విసరించుకోవలెనని కట్టుబాటు. విసరినందుకు ధాన్యంలో ఒక వంతు మరకు చెల్లించవలెను. ఈ ఆచారాన్ని స్కాట్లండులో ‘థర్లేజ్’ అనేవారు. దగ్గరలో మరొక మర ఉన్నా, రైతు అక్కడికి పోకూడదు. ఈ కట్టుబాటును సొమ్ము చెల్లించి వదిలించుకొనడానికి 1799లో చట్టం వచ్చినది. కానన్‌మిల్స్ వంటి పేరును చూచినపుడు అందులోని మొదటిసగాన్ని మరువరాదు. మర ఎవరిదో ఆ సగం చెబుతుంది, ఎవరికి వంతు చెల్లించారో కూడా అదే చెబుతుంది.

డీన్ మరలు క్రమంగా ఎడింబరో రొట్టెలవారి సంఘం చేతిలోనికి వచ్చినవి. రొట్టెలు చేసేవానిని స్కాట్ భాషలో ‘బాక్స్‌టర్’ అంటారు. నేడు ఇంటిపేరుగా వినిపించే బాక్స్‌టర్ అనే మాట మూలం ఇదే. 1675లో ఈ సంఘంవారు డీన్‌లో కట్టిన ధాన్యపుకొట్టు ఇప్పటికీ ఉన్నది. దాని గోడమీద గోధుమ పనలూ, పొయ్యిలోనుండి రొట్టెను తీసే పొడుగాటి తెడ్లూ చెక్కి ఉన్నవి. మంచిరోజులలో ఆ ఒక్క గ్రామంలోనే 11 మరలు తిరిగేవని చెబుతారు. మిల్లర్ రో వీధిలో పాతమర తిరగటిరాళ్ళను నేటికీ చూడవచ్చును.

కాగితమూ, పొడుమూ

ధాన్యపుమరలు పట్టణానికి దగ్గరగా, నది దిగువభాగంలో వెలిసినవి. కాగితపుమరలు ముఖ్యంగా ఎగువభాగంలో పెరిగినవి. ఈ భేదానికి కారణమున్నది. తిరగటిరాయి త్రిప్పడానికి మురికినీరైనా చాలును. కాగితానికి అట్లా కాదు. ఆ రోజులలో కాగితాన్ని చింకిగుడ్డలతో చేసేవారు. వాటిని కడిగి, నీటిలో నాననిచ్చి, దంచి గుజ్జు చేయవలెను. ఇందుకు విస్తారంగా శుభ్రమైన నీరు కావలెను. నీరు మురికిదైతే కాగితం మురికిది అగును.

స్కాట్లండులో మొదటి కాగితపుమర 1590 ప్రాంతంలో ఈ నదిమీదనే, డాల్రీ అనేచోట వెలిసినది. తరువాతి రెండు శతాబ్దాలలో ఎడింబరో పుస్తక ముద్రణకు, న్యాయస్థానాలకు, విశ్వవిద్యాలయానికి ప్రసిద్ధి పొందినది. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా మొదటి ముద్రణ 1768లో ఆ నగరంలోనే ప్రారంభమైనది. కాగితానికి గిరాకి పెరిగేకొద్దీ కాలింటన్, జూనిపర్ గ్రీన్, కరీ, బాలెర్నోల వద్ద మరలు పెరిగినవి. 1874లో ఈ లోయవెంట బాలెర్నోకు రైలుమార్గం వేయడానికి ముఖ్యకారణం ఈ మరలే.

కాలింటన్ దిగువన ‘కేట్స్‌మిల్ రోడ్’ అనే వీధి ఉన్నది. అక్కడి కాగితపుమరకు దాని యజమాని జాన్ బాల్ఫర్ తన భార్య కాథరిన్ పేరు పెట్టుకొన్నాడు. కేట్ అన్నది కాథరిన్‌కు ముద్దుపేరు. ఆ మర 1890లో అగ్నికి ఆహుతైనది. పేరుమాత్రం వీధికి మిగిలినది.

కాలింటన్‌లోనే స్పైలా అనేచోట జేమ్స్ గిలెస్పీ అనే వర్తకుని పొడుముమర ఉండేది. ఎండిన పొగాకును నూరి నశ్యం తయారుచేసి, ఎడింబరో ప్రధానవీధిలోని తమ దుకాణంలో అమ్మి ఆయన ధనవంతుడైనాడు. 1797లో ఆయన మరణించాడు. ఆయన వ్రాసి ఉంచిన మరణశాసనం ప్రకారం ఆ సొమ్ముతో వృద్ధులకు ఒక ఆశ్రమమూ, బీదపిల్లలకు ఒక పాఠశాలయూ ఏర్పడినవి. ఎడింబరోలో నేడున్న జేమ్స్ గిలెస్పీ ఉన్నత పాఠశాల ఆ పాఠశాలకు వారసురాలే.

పాతవ్రాత ముఖ్యం

ఊరిపేరుకు అర్థం చెప్పేటప్పుడు నేటి ఉచ్చారణను నమ్మరాదన్నది శాస్త్రజ్ఞుల మొదటి నియమం. దొరికినంతలో మిక్కిలి పాతదైన వ్రాతను వెదకవలెను. తరువాత అది ఏ భాషామాటయో నిర్ణయించవలెను. ఎడింబరో ప్రాంతంలో పూర్వం వెల్ష్ భాషకు దగ్గరైన ఒక ప్రాచీనభాష, ఆ తరువాత గేలిక్, ప్రాచీనాంగ్లం, స్కాట్ భాషలు వాడుకలో ఉన్నవి. ఒకే నదిమీది ఊళ్ళకు ఈ భాషలన్నిటినుండి పేర్లు వచ్చినవి.

బాలెర్నో గేలిక్ మాట. మొదటిభాగానికి ఊరు అనీ, రెండవభాగానికి నల్లని పండ్లుకాసే ఒకరకపు ముళ్ళచెట్టు అనీ అర్థం. సాటన్ అనే పేట పేరు 12వ శతాబ్దపు పత్రంలో ‘సాలెక్టున్’ అని ఉన్నది. విల్లో చెట్లున్న పల్లె అని దాని అర్థం. తడినేలలో పెరిగే ఈ చెట్టు పేరు నది ఒడ్డున కనిపించడంలో ఆశ్చర్యం లేదు. డీన్ అంటే ప్రాచీనాంగ్లంలో లోతైన లోయ. అక్కడ లోయ ఎంత లోతో థామస్ టెల్ఫర్డ్ 1830ల మొదట కట్టిన వంతెనను చూస్తే తెలుస్తుంది. అది నీటికి 30 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది.

కాలింటన్ పేరు వినగానే కాలిన్ అనే వ్యక్తి జ్ఞాపకం వస్తాడు. పాతవ్రాతను బట్టి ఆ వ్యక్తి కాల్బన్. స్టాక్‌బ్రిడ్జ్ పేరులోని మొదటిమాటకు సరుకు నిలువ, పశువులు వంటి అర్థాలు నేటి ఆంగ్లంలో ఉన్నవి. ఆ పేరులో దాని అర్థం కొయ్యదూలం. కొయ్యవంతెన ఉన్నచోటు అన్నమాట. అక్కడ రాతివంతెన వచ్చి రెండువందల ఏండ్లు దాటినా పేరు మారలేదు.

పేర్లు స్థలంమారడం కూడా కలదు. ‘ఇన్వర్’ అంటే గేలిక్‌లో నదీముఖం. కనుక ఇన్వర్‌లీత్ అంటే లీత్ నది సముద్రంలో కలిసేచోటు. 12వ శతాబ్దపు పత్రంలో ‘ఇన్వర్‌లెట్’ అని ఉన్నది. కాని నేడు ఇన్వర్‌లీత్ అనే పేట సముద్రానికి దూరంగా లోపల ఉన్నది, నదీముఖాన ఉన్నది లీత్. డీన్ విషయమూ ఇంతే. నేడు డీన్ గ్రామమని పిలిచే లోయలోని పేటకు ఒకప్పుడు వాటర్ ఆఫ్ లీత్ గ్రామమని పేరు. అసలు డీన్ గ్రామం గట్టుపైన ఉండేది. 19వ శతాబ్దంలో అది పోగా, పేరు క్రిందికి దిగివచ్చినది.

నీటికోసం తగవు

19వ శతాబ్దంలో ఎడింబరో జనసంఖ్య వేగంగా పెరిగినది. త్రాగునీటికై నగరానికి నీరు సరఫరాచేసే కంపెనీ పెంట్లండ్ కొండల ఊటలవైపు చూసినది. ఆ ఊటలే నదికి ప్రాణం. వాటిని గొట్టాలలో పట్టుకొనిపోతే క్రింద చక్రాలు ఏమి కావలెను? ఒకవైపు నగరవాసుల దాహం, మరొకవైపు మరలపై బ్రతికే వందల కుటుంబాల కూలి. దేనినీ కాదనలేని స్థితి.

దీనికి కనుగొన్న ఉపాయం ‘పరిహారపు జలాశయం’. కంపెనీ ఊటనీరు తీసుకొనవచ్చును. కాని అందుకు బదులుగా చలికాలపు వాననీటిని కొండలలో నిలువచేసి, ఏడాది పొడుగునా నదిలోనికి వదలుతూ ఉండవలెను. 1840 దశకంలో ఏర్పడిన త్రీప్‌మ్యూర్, హార్లా జలాశయాలూ, ఆ తరువాతి హార్పర్‌రిగ్ జలాశయమూ ఇట్టివే. మరలకు దీనివల్ల ఒక లాభంకూడ కలిగినది. వానకాలంలో పొంగి వేసవిలో ఎండే నదికి ఒక నిలకడ వచ్చినది.

నీటి కొరత తీరినా నీటి మురికి తీరలేదు. ఎగువ కాగితపుమరలు కడిగిన నీరు, దిగువ పేటల మురుగు కలిసి నది దుర్గంధమయమైనది. 1889లో దీని శుద్ధికై ప్రత్యేకంగా ఒక చట్టం చేసి, నదివెంట మురుగుకాలువ నిర్మించవలసివచ్చినది.

ఆవిరియంత్రం వచ్చిన తరువాత మర నదిప్రక్కన ఉండవలసిన అవసరమే పోయినది. 1894లో బానింగ్టన్ ప్రాంతంలో లేచిన చాన్సెలాట్ పిండిమిల్లు ఆవిరితో నడిచినది. నీటిమరలు ఒకదాని తరువాత ఒకటి ఆగిపోయినవి. కాగితం మరికొంతకాలం నిలిచినది. కరీ దగ్గరి కిన్లీత్ కాగితపుమిల్లు 1966లోను, బాలెర్నో మిల్లు 1971లోను మూతపడినవి. వాటికి బొగ్గును, గుజ్జును మోసిన రైలుమార్గం నేడు కాలినడక బాట.

మిగిలిన కట్టలు

మరలు పోయినా నదిమీద చాలాచోట్ల రాతికట్టలు ఇప్పటికీ ఉన్నవి. చేపలు ఎగువకు ఎక్కిపోవడానికి అవి అడ్డమగుచున్నవి. ఆ చిన్ననది బలం కూడా తగ్గలేదు. 2000 ఏప్రిల్‌లో వచ్చిన వరద స్టాక్‌బ్రిడ్జ్, రోజ్‌బర్న్ మొదలైన పేటలలో ఇండ్లలోనికి ప్రవేశించినది. తరువాత నగరపాలకులు వరదగోడలు నిర్మించారు, కొండల జలాశయాలను వరదనీటిని పట్టి ఉంచడానికి కూడా ఉపయోగించుకొన్నారు. మరలకు నీరివ్వడానికి కట్టిన జలాశయాలకు ఈ విధంగా కొత్తపని దొరికినది.

భూగోళం బోధించే ఉపాధ్యాయుడు ఒక ఊరిపేరును తరగతిలో చర్చకు తీసుకొంటే మూడు ప్రశ్నలు వేయవచ్చును. ఈ పేరు దొరికినంతలో పాతపత్రంలో ఎట్లా వ్రాసి ఉన్నది? అది ఏ భాషామాట? ఆ అర్థానికి అక్కడి నేల సాక్ష్యమిస్తున్నదా? మూడింటికీ సమాధానాలు ఒకదానితో ఒకటి పొసగితే ఆ అర్థాన్ని నమ్మవచ్చును. పొసగకపోతే, ఎంత అందమైన ఊహనైనా వదలుకోవలెను. కానన్‌మిల్స్‌కు ఈ ప్రశ్నలు వేస్తే ఫిరంగి మొదటి ప్రశ్నలోనే తొలగిపోతుంది. మఠమూ, నదీ, పిండిమరా మిగులుతవి.